జాడీ మనది, లారీ వాళ్ళది: చిన్న వ్యాపారం, పెద్ద కంపెనీల చరిత్ర నుంచి మనకు పనికొచ్చే నాలుగు మాటలు



ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ పట్టికలు, ఆడిటర్ గారి నివేదిక అయ్యాక ఒక వ్యాసం వేసుకోవడం మనకు అలవాటు. ఈసారి వ్యాసానికి ఒక అవసరం కూడా వచ్చింది. మన పచ్చళ్ళ యూనిట్‌ను ఒక పెద్ద కంపెనీ అడుగుతున్న సంగతి మీకందరికీ తెలిసిందే. ఏడాదికి ఐదు టన్నుల ఆవకాయ కావాలట. మూడేళ్ళ ఒప్పందం. సీసా మీద పేరు వాళ్ళది. ఆ మూడేళ్ళూ మనం వేరే ఎవరికీ, మన పేరుతో కూడా, ఆవకాయ అమ్మకూడదు. రాబోయే మహాజన సభలో దీని మీద తీర్మానం చేయాలి.

గ్రామైక్య సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడు చాలా చోట్ల మమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగారు. "అవన్నీ ఎందుకమ్మా, ఆ కంపెనీ వాళ్ళు మంచోళ్ళా కాదా, అది చెప్పండి చాలు" అన్నారు ఒక పెద్దమ్మ. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, మంచోళ్ళా చెడ్డోళ్ళా అనేదాని కంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉందనిపించింది. వాళ్ళకు ఏది చేతనవును, మనకు ఏది చేతనవును? ఎవరి బలం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు? ఈ ప్రశ్న మనకంటే ముందు చాలామందికి ఎదురైంది. వాళ్ళ కథలు కొన్ని ఇక్కడ రాస్తున్నాం.

రోజుకో రూపాయి

ముందు మన సంగతే చూద్దాం. 1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా ప్రారంభించింది. అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలేసరికి నెల్లూరు జిల్లాలోనే రోజుకో రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. మన మండల సమాఖ్యలు రిజిస్టరు అయింది ఆ చట్టం కిందనే. 2000లో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం.

ఈ తేదీలన్నీ మనం శిక్షణల్లో విన్నవే. మళ్ళీ ఎందుకు చెబుతున్నామంటే, రోజుకో రూపాయి దాచే మనిషికి బ్యాంకు అప్పు ఇవ్వడానికి అప్పట్లో ఎవరూ ముందుకు రాలేదు. బ్యాంకు పెద్దది. ఆమె అప్పు తీరుస్తుందో లేదో కనుక్కోవడానికి అయ్యే ఖర్చే దానికి అప్పు కంటే ఎక్కువ. కానీ పక్కింటి ఆవిడకు ఆ సంగతి ఖర్చు లేకుండానే తెలుసు. ఎవరింట్లో ఎన్ని గేదెలున్నాయో, ఎవరి భర్త వలస వెళ్ళాడో, ఎవరు మాట మీద నిలబడతారో వాడలో అందరికీ తెలిసిందే. సంఘం చేసింది ఆ ఎరుకను జామీనుగా మార్చడం. డబ్బు బ్యాంకుది, ఎరుక మనది. మనుషుల్ని ఎరిగి ఉండటమే చిన్నవాళ్ళ మొదటి బలం.

సైకిల్ మీద సబ్బుపొడి

1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ప్రభుత్వ ఉద్యోగి ఇంటి పెరట్లో బట్టల సోడా పొడి కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. ఆయన గుజరాత్ గనుల శాఖలో కెమిస్టు. కూతురి పేరు మీద ఆ పొడికి నిర్మా అని పేరు పెట్టారు. అప్పటికి మార్కెట్లో హిందుస్థాన్ లీవర్ వాళ్ళ సర్ఫ్ కిలో పదమూడు రూపాయల దగ్గర ఉంటే, ఈయన పొడి మూడు, మూడున్నర రూపాయలు. పెద్ద కంపెనీ దృష్టిలో సర్ఫ్ కొనలేని ఇల్లాలు అసలు కొనుగోలుదారే కాదు. సైకిల్ మీద తిరిగే మనిషికి ఆమె ప్రతిరోజూ ఎదురుపడే మనిషి. ఆమె చేతిలో ఎంత ఉందో చూసి ఆయన ధర పెట్టారు.

లీవర్ వాళ్ళు మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. 1980లు వచ్చేసరికి అమ్మకాల బరువులో నిర్మా సర్ఫ్‌ను దాటిపోయింది. అప్పుడు వాళ్ళు అదే రకం చవక పొడి వీల్ పేరుతో తెచ్చారు. వాళ్ళకున్న ఫ్యాక్టరీలు, లారీలు, డీలర్లు, టీవీ ప్రకటనలు కలిసి దాన్ని తొందరగానే ఊరూరికీ చేర్చాయి.

ఇలాంటిదే తమిళనాడులో కడలూరు కథ. అక్కడ చిన్ని కృష్ణన్ అనే ఆయన షాంపూను చిన్న పొట్లాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టారు. కూలి చేసుకునే ఇంట్లో సీసా కొనలేరు, ఒక్కసారి తలంటుకి సరిపడా కొనగలరు. ఆయన కొడుకుల్లో ఒకరైన సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో వేరు వ్యాపారం పెట్టి చిక్ షాంపూ తెచ్చారు. ఈ రోజు మన ఊరి కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడే పొట్లాల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలవే. చిన్నవాళ్ళు కనిపెట్టిన దారిలో పెద్దవాళ్ళు తర్వాత లారీలు తోలారు.

దీంట్లో మనకు రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, కొత్త అవసరాన్ని ముందుగా చూసేది సాధారణంగా చిన్నవాళ్ళే, ఎందుకంటే వాళ్ళు కొనేవాళ్ళ గడప దగ్గర నిలబడి ఉంటారు. రెండు, చూసిన తర్వాత దాన్ని లక్ష ఊళ్ళకు చేర్చే శక్తి పెద్దవాళ్ళది. కనిపెట్టినంత మాత్రాన మార్కెట్ మనకే మిగులుతుందని చరిత్ర ఎక్కడా చెప్పలేదు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. నిర్మా చవక ధర వెనక తెలివితో పాటు వేరే కారణాలూ ఉన్నాయి. కరెంటు వాడకుండా చేత్తో కలిపే యూనిట్లకు అప్పట్లో ఎక్సైజ్ సుంకంలో రాయితీ ఉండేది. కూలి ఖర్చూ పెద్ద ఫ్యాక్టరీ కంటే తక్కువే. చిన్న వ్యాపారం చవగ్గా ఇస్తోందంటే ఆ చవక ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోవాలి. మన ఇళ్ళలో అయితే చాలాసార్లు అది మన కూలి లెక్క వేసుకోకపోవడం వల్ల వస్తుంది. వెల్లుల్లి వలిచిన గంటలు, ముక్కలు తుడిచిన మధ్యాహ్నాలు, రాత్రి పది దాకా సీసాలకు మూతలు బిగించిన పని, ఇవేవీ మన పుస్తకాల్లో లేవు. అది బలం కాదు, మన ఒంటి మీద మనం తెచ్చుకున్న అప్పు.

పెద్ద కంపెనీ మన గడపకు వచ్చింది

2000–01 ప్రాంతంలో అదే హిందుస్థాన్ లీవర్ కంపెనీ నల్గొండ జిల్లాలో 50 ఊళ్ళలో ప్రాజెక్ట్ శక్తి అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఎక్కడో కాదు, మన పొదుపు సంఘాల ఊళ్ళలోనే. సంఘ సభ్యురాలు సంఘం నుంచి అప్పు తీసుకుని కంపెనీ సరుకు కొంటుంది. సబ్బులు, షాంపూ పొట్లాలు, టీ పొడి ఇంటింటికీ తిరిగి, చిన్న కొట్లకు వేసి అమ్ముతుంది. మధ్యలో మిగిలే తేడా ఆమెది. ఆమెకు శక్తి అమ్మ అని పేరు. తర్వాత ఈ పద్ధతి దేశంలో చాలా రాష్ట్రాలకు వెళ్ళింది.

అంత పెద్ద కంపెనీకి మనతో పనేమిటి? ఫ్యాక్టరీ ఉంది, డబ్బు ఉంది, దేశమంతా డీలర్లు ఉన్నారు. కానీ రెండు వేల జనాభా లేని ఊరికి వ్యాన్ పంపితే డీజిల్ ఖర్చు రాదు. ఆ ఊళ్ళో కొత్త మనిషి చెబితే ఎవరూ కొనరు. వాళ్ళ దగ్గర లేనిది పరిచయం. అది కొనుక్కోవడానికి మన దగ్గరికి వచ్చారు.

శక్తి అమ్మలు కొందరు బాగా సంపాదించుకున్నారు, బయటకు వచ్చి మాట్లాడటం, లెక్క రాయడం నేర్చుకున్నారు. అది కాదనలేం. అయితే సబ్బు తయారయ్యేది వేరే చోట, ధర నిర్ణయించేది వేరే చోట. మన పరిచయాన్ని అద్దెకు ఇచ్చాం. అద్దె వచ్చింది. ఇల్లు మాత్రం మనకు మనం కట్టుకోలేదు.

ఏడుగురు ఆడవాళ్ళు, ఎనభై రూపాయలు

1959 మార్చి 15న బొంబాయి గిర్‌గావ్‌లో ఒక పాత భవనం డాబా మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. పెట్టుబడి ఎనభై రూపాయలు, అదీ ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ అనే సంఘ సేవకుడి దగ్గర తెచ్చిన అప్పు. మొదటి రోజు నాలుగు ప్యాకెట్లు అయ్యాయి. అవి భులేశ్వర్‌లో ఒక వ్యాపారికి ఇచ్చారు. అదే ఇప్పటి లిజ్జత్ పాపడ్.

మొదటి ఏడాది వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి కింద స్టవ్ వెలిగించారు. మనలో ఎవరికైనా తట్టే ఉపాయమే. ఇంకో సంగతి: మొదట్లో రెండు రకాలు చేశారు, ఒకటి మంచిది, ఒకటి చవకది. నాసిరకం వద్దు, ఒకే నాణ్యత ఉంచండి, లెక్కలు సరిగా రాయండి అని పారేఖ్ గారు గట్టిగా చెప్పారట. వాళ్ళు విన్నారు.

వాళ్ళ పద్ధతిని జాగ్రత్తగా చూడాలి. మినప్పిండి, ఇంగువ, మిరియాలు అన్నీ సంస్థ ఒక్కచోట టోకుగా కొంటుంది. పిండి కలపడం శాఖలో జరుగుతుంది. అక్కచెల్లెళ్ళు ఉదయం కలిపిన పిండి ఇంటికి తీసుకెళ్ళి, ఒత్తి, ఆరబెట్టి, మరునాడు తెచ్చి ఇస్తారు. తూకం, నాణ్యత చూసి ఒత్తుడు కూలి ఇస్తారు. లాభం సభ్యులందరిదీ. ఇప్పుడు దాదాపు 45 వేల మంది సభ్యులు ఉన్నారు.

అంటే ఒకే రుచి రావాల్సిన పనిని ఒక్కచోట పెట్టారు, చేతి పనిని ఇళ్ళలో ఉంచారు. పిండి ఎవరింట్లో వాళ్ళు కలుపుకుని ఉంటే నలభై ఐదు వేల రుచులు వచ్చేవి. అప్పడం ఒత్తడం కూడా ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి ఉంటే పిల్లలున్న తల్లులు, గడప దాటలేని వాళ్ళు పని పోగొట్టుకునేవాళ్ళు. పెద్దదాని బలం, చిన్నదాని బలం రెండూ ఒకే సంస్థలో, దేని చోటులో దాన్ని పెట్టారు.

పాల దారి

గుజరాత్‌లోనే ఖేడా జిల్లాలో 1946 నాటికి రైతుల పాలు కొనేది ఒక్క పోల్సన్ డెయిరీ. ధర వాళ్ళు చెప్పిందే. రైతులు పదిహేను రోజులు బొంబాయికి పాలు పంపడం మానేశారు. తర్వాత త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సహకార సంఘం పెట్టుకున్నారు. 1946 డిసెంబరులో రిజిస్టరైనప్పుడు రెండు గ్రామ సంఘాలు, రోజుకు దాదాపు 250 లీటర్లు. 1949లో వర్గీస్ కురియన్ వచ్చి చేరారు. 1955లో ఆనంద్‌లో గేదె పాలను పొడి చేసే ప్లాంటు మొదలైంది. గేదె పాలు పొడి కావని విదేశీ నిపుణులు అప్పటిదాకా చెబుతూ వచ్చారు. అముల్ అనే పేరు తర్వాత ఇంటింటికీ తెలిసింది.

పాలు రెండు పూటలు పిండాలి, గంటల్లో చల్లబరచాలి. పిండటం రెండు గేదెలున్న ఇల్లాలు చేసినంత శ్రద్ధగా వెయ్యి గేదెల షెడ్డులో కూలివాళ్ళు చేయలేరు. గేదె ఈ పూట మేత సరిగా తినలేదని ఆమెకు చూడగానే తెలుస్తుంది. చల్లబరచడం, పొడి చేయడం మాత్రం ఒక ఇంటి వల్ల కాదు, కోట్ల రూపాయల యంత్రాలు కావాలి. ఖేడా రైతులు పెద్ద యంత్రం వద్దనలేదు. యంత్రం మాదిగా ఉండాలన్నారు.

మన దగ్గర ములకనూరు ఉంది. అప్పటి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలో 1956 నుంచే పేరున్న సహకార సంఘం ఉన్న ఊరు అది. 2000లో అక్కడి మహిళలు తమదైన సహకార డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులు అందరూ ఆడవాళ్ళే, పాలకవర్గం ఆడవాళ్ళే. స్వకృషి పేరుతో పాలు, పెరుగు అమ్ముతున్నారు. పాల డబ్బు పాలు పోసిన ఆవిడ పేరు మీదనే వస్తుంది. మన దగ్గరి ఆడవాళ్ళు లారీలు, చిల్లింగ్ ట్యాంకులు నడపలేరని ఎవరైనా అంటే ములకనూరు చూపించవచ్చు.

ఇక పచ్చడి

1967లో కేంద్ర ప్రభుత్వం 47 రకాల వస్తువులను చిన్న పరిశ్రమలకే కేటాయించింది. తర్వాత ఆ జాబితా ఎనిమిది వందలు దాటింది. అందులో పచ్చళ్ళు, చట్నీలు కూడా ఉండేవి. 1990ల తర్వాత జాబితా మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. చివరిదాకా మిగిలినవి 20. అగరబత్తులు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, గాజు గాజులు, బట్టల సబ్బు, పచ్చళ్ళు అందులోవే. 2015 ఏప్రిల్‌లో ఆ 20 కూడా తీసేశారు. అప్పటి నుంచి పచ్చడి ఎంత పెద్ద కంపెనీ అయినా ఎంతైనా పెట్టవచ్చు.

ఈ రక్షణ పోయిందని బాధపడేవాళ్ళు ఉన్నారు. అయితే మేము ఒక సంగతి గమనించాం. 2000 నాటికి చిన్న పరిశ్రమ అంటే యంత్రాల పెట్టుబడి కోటి రూపాయల లోపు. పది మంది కలిసి జాడీల్లో ఆవకాయ పెట్టుకునే సంఘం, కోటి రూపాయల యంత్రాలున్న యూనిట్, రెండూ చట్టం కళ్ళకు ఒక్కటే. మనం అప్పుడూ ఆ పోటీలోనే ఉన్నాం. మనకంటూ ప్రత్యేకంగా గోడ ఎప్పుడూ లేదు.

పోటీలో ఎవరి బలం ఏమిటో చూద్దాం. కంపెనీ సీసా ఏ ఊళ్ళో కొన్నా, ఏ నెలలో కొన్నా ఒకే రుచి. వాళ్ళకు ల్యాబ్ ఉంది. మామిడికాయ ధర తక్కువున్నప్పుడు వందల టన్నులు కొని, ఉప్పులో ఊరేసి, డ్రమ్ముల్లో దాచుకుని ఏడాదంతా పచ్చడి కలుపుతారు. సీసాలు, మూతలు, నూనె టోకు ధరకు వస్తాయి. అమెరికా దాకా పంపే కాగితాలు చేయడానికి ఆఫీసు ఉంది.

మన ఆవకాయ ఏడాదికి ఒక్కసారే, ఎండలు ముదిరాక, పుల్లటి గట్టి కాయ దొరికినప్పుడు. కాయ చెట్టు నుంచి దింపిన రోజే ముక్క కొడతాం. టెంక జీడి తీసి, ముక్క తుడిచి, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి, నువ్వుల నూనె పోసి, మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తాం. ఉప్పు చాలకపోతే అప్పుడే వేస్తాం. కొనేవాళ్ళు ఫోన్ చేసి "అక్కా, మా నాన్నకి బీపీ, ఉప్పు కాస్త తగ్గించగలవా" అంటే, తగ్గిస్తే తొందరగా పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని చెప్పి అర కిలో విడిగా కలిపి ఇవ్వగలం. ఏ కంపెనీ అర కిలో విడిగా కలపదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశమంతా సంఘాల మహిళలు ఇళ్ళలో ఉన్న కుట్టు మిషన్ల మీదే మాస్కులు కుట్టి ఇచ్చింది కూడా ఈ బలంతోనే. ఎవరి ఆర్డరు కోసమూ పైఆఫీసుకు రాయాల్సిన పని లేకపోవడం.

మేము చేసిన తప్పు

చిన్నవాళ్ళం పెద్దవాళ్ళలా చేయబోతే ఏమవుతుందో మనకు అనుభవమే. రెండేళ్ళ కిందట నగరంలో ఒక దుకాణం వాళ్ళు ఒకేసారి 800 కిలోలు అడిగారు. అంతకుముందు మనం ఏ వేసవిలోనూ 200 దాటలేదు. వచ్చిన ఆర్డరు వదులుకోవడం ఇష్టం లేక పద్నాలుగు ఇళ్ళకు పంచాం. ఒకరు సోలతో కొలిచారు, ఒకరు స్టీలు గ్లాసుతో కొలిచారు. ఒకరింట్లో ముక్కలు తడి ఆరకముందే కలిపేశారు. రెండు నెలలకు కొన్ని డబ్బాల్లో బూజు వచ్చింది. 90 కిలోలు వెనక్కి వచ్చాయి. ఎవరి ఇంటివో కూడా తేల్చలేకపోయాం, డబ్బాల మీద గుర్తు పెట్టలేదు కాబట్టి. మిగతా సరుకు డబ్బు చేతికొచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ బ్యాంకు కిస్తీ పొదుపులోంచి కట్టాం.

ఆ తప్పు కమిటీగా మాది. వాయిదా గడువు రాయించుకోలేదు. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్ళు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. ఆ హక్కు అడగాలంటే ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మనకు అప్పుడు లేదు. ఈ ఏడాది చేయించాం. లిజ్జత్ కథ అప్పటికే చదివి ఉంటే కలపడం ఒక్కచోట పెట్టి, ముక్క కొట్టడం, వెల్లుల్లి వలవడం ఇళ్ళకు ఇచ్చేవాళ్ళం.

మహాజన సభ ముందు

ఇప్పుడు ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు చెబుతాం. కంపెనీ వాళ్ళు మంచోళ్ళూ కాదు, చెడ్డోళ్ళూ కాదు. వాళ్ళకు కావాల్సింది మారని సరుకు, సమయానికి, వేల సీసాల్లో. మన బలం రుచి, పరిచయం, వెంటనే మార్చుకోగలగడం. వాళ్ళ ఒప్పందంలో ఈ మూడింటికీ చోటు లేదు. పైగా మూడేళ్ళు మన పేరు తీసేస్తే, మనల్ని ఎరిగి కొనే వాళ్ళు మనల్ని మరిచిపోతారు. నాలుగో ఏడాది వాళ్ళు వేరే చోటికి వెళ్ళిపోతే మన దగ్గర మిగిలేది ఖాళీ డ్రమ్ములు.

అలాగని తలుపు మూయమని మేము చెప్పడం లేదు. కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం ఇది. ఆవకాయ మన పేరుతోనే ఉంచుకుందాం, కలపడం మన షెడ్డులో ఒకే తూకంతో చేద్దాం, ప్రతి డబ్బా మీద తేదీ, గుర్తు రాద్దాం. కంపెనీకి కావాలంటే ఉప్పులో ఊరేసిన మామిడి ముక్కలు, తొడిమ తీసిన ఎండుమిరప ఇద్దాం. వాటిలో రుచి దాచుకోవాల్సింది లేదు, ఒకే రకంగా చేయడం మనకు కష్టమూ కాదు. మన మొత్తం సరుకులో మూడో వంతు కంటే ఎక్కువ ఒక్కరికే ఇవ్వొద్దు. అడ్వాన్సు, 45 రోజుల గడువు కాగితం మీద ఉండాలి. వేరే వాళ్ళకు అమ్మకూడదనే షరతుకు ఒప్పుకోవద్దు. ప్రతి పనికీ గంట కూలి లెక్క వేసిన తర్వాతే ధర చెబుదాం.

కమిటీలో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు. వాళ్ళ మాట కూడా ఇక్కడ రాయడం న్యాయం. "పేరు ఎవరిదైతే ఏమక్కా, ఏడాది పొడుగునా పని ఉంటే మా వాడలో పన్నెండు మంది మిరప కోతలకు వలస వెళ్ళకుండా ఊళ్ళోనే ఉంటారు. పేరు తిని బతకలేం కదా" అన్నది వాళ్ళ వాదన. అది కొట్టిపారేసే మాట కాదు. మేము చెప్పిన దారిలో మొదటి రెండేళ్ళు పని అంత దొరకదు. ఆ పన్నెండు మందికి ముక్కల పని, మిరప తొడిమల పని ముందుగా ఇస్తామని తీర్మానంలో రాయాలని మేము ఒప్పుకున్నాం. అది చాలదని వాళ్ళు ఇంకా అంటున్నారు.

కాబట్టి ప్రతి గ్రామైక్య సంఘంలో ఈ వ్యాసం ఒకరు చదివి వినిపించాలని కోరుతున్నాం. చదువు రాని అక్కలకు కూడా ఏ మాటా తప్పిపోకూడదు. కంపెనీ పంపిన ఒప్పందం నకలు సమాఖ్య కార్యాలయంలో ఉంది, పుస్తక నిర్వాహకురాలిని అడిగితే చూపిస్తారు. మీ సంఘంలో ఏమనుకున్నారో సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి, మహాజన సభకు తీసుకురండి. ఎవరి ఇంట్లో ఏ కొలత వాడతారో కూడా రాసుకుని రండి. ఈ వేసవి నుంచి ఏ దారిలో వెళ్ళినా, అన్ని ఇళ్ళలో ఒకే కొలత కావాలి. ఆ కొలత గిన్నెలు కొనడానికి డబ్బు ఈ ఏడాది బడ్జెట్‌లో పెట్టాం.